రబ్బరు స్పీడ్ బ్రేకర్లు, స్ప్రింగ్ పోస్టులు: చెన్నై ఓఎంఆర్ పక్కన ఒక నివాస వీధిలో వాడి చూశాక

రోడ్డుకు అడ్డంగా బోల్టులతో బిగించుకునే నల్ల, పసుపు రబ్బరు పలకల సెట్టును మా అపార్ట్‌మెంటు సంఘం కొన్నది. ఒక్కో పలక 500 మిల్లీమీటర్ల పొడవు, 350 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. వాటితో పాటు మలుపుల్లో నిలబెట్టే, బండి తగిలితే వంగి మళ్ళీ లేచే స్ప్రింగ్ పోస్టులు, ఒక కుంభాకార అద్దం, రాత్రివేళ మెరిసే సోలార్ రోడ్ స్టడ్లు కూడా అదే బిల్లులో వచ్చాయి. ఒక నిండు ఎండాకాలం, ఒక ఈశాన్య రుతుపవన కాలం ఇవన్నీ మా దారిలో ఉన్నాక ఈ సమీక్ష రాస్తున్నాను. గేటు ముందు, బేస్‌మెంటు ర్యాంపు మొదట్లో రబ్బరు పలకలు బాగా పనిచేస్తాయి. మనుషులు నడిచే, పిల్లలు ఆడే నిడుపాటి దారిలో వేగాన్ని తగ్గించాలని కొనేవారికి మాత్రం వాటిని సిఫారసు చేయలేను. మా దగ్గర ఆ పనిని నిజంగా చేసినవి స్ప్రింగ్ పోస్టులు. బిల్లులో చివరన, దుకాణదారు పెద్దగా పట్టించుకోకుండా రాసిన సరుకు అది.

మేము ఉండేది షోళింగనల్లూరు వైపు, పాత మహాబలిపురం రోడ్డుకు (ఓఎంఆర్) లోపలగా ఉన్న ఒక వీధిలో. మాధవరం నుంచి సిప్‌కాట్ వరకు వేస్తున్న మెట్రో రెండో దశ పనుల వల్ల ప్రధాన రహదారి ఇరుకైనప్పటి నుంచి, సిగ్నలు తప్పించుకోవాలనుకునే వారందరికీ మా వీధే దగ్గరి దారి అయింది. కాంపౌండు లోపల ముందు గేటు నుంచి వెనుక గేటు వరకు తిన్నగా సాగే పొడవాటి దారి ఒకటి ఉంది. అందులో ఉదయం స్కూలు వ్యాన్లు, రోజంతా డెలివరీ స్కూటర్లు, వేళాపాళా లేకుండా వాటర్ ట్యాంకర్లు తిరుగుతాయి. ఓఎంఆర్ మీద ఇల్లు కొన్నవారికి ట్యాంకర్ల గురించి వేరే చెప్పనక్కరలేదు. ఒక సాయంత్రం రెండో బ్లాకు మలుపులో డెలివరీ స్కూటరొకటి, సైకిలు తొక్కుతున్న పిల్లవాడొకడు ఎదురుబదురుగా తగులుకోవడం, మోచేతి గాయంతో ఆ గండం గడిచిపోవడం జరిగాక, అంతకుముందు ఎన్నోసార్లు వాయిదా పడిన ఈ కొనుగోలుకు సర్వసభ్య సమావేశంలో ఒక్క అభ్యంతరమైనా రాలేదు.

ఏ వేగానికి తగ్గించాలన్న ప్రశ్నకు మేము కొత్తగా జవాబు వెతుక్కోవలసిన అవసరం రాలేదు. 2023 నవంబరు నుంచి చెన్నై నగరంలో నివాస ప్రాంతాల వీధుల్లో అన్ని రకాల వాహనాలకూ గంటకు 30 కిలోమీటర్ల పరిమితి అమలులో ఉంది. 2020లో రోడ్డు భద్రత మీద స్టాక్‌హోంలో జరిగిన ప్రపంచ సదస్సు ప్రకటన కూడా, పాదచారులూ వాహనాలూ కలిసి తిరిగే చోట్లకు ఇదే అంకెను సూచించింది. రోడ్డు పొడిగా ఉండి, బ్రేకులు బాగుండి, చోదకుడు ఒక్క సెకనులో తేరుకుంటాడని లెక్క వేసుకుంటే, 30 వేగంతో వచ్చే బండి ఆగడానికి సుమారు 13 మీటర్లు పడుతుంది. 45 వేగంతో వచ్చే బండికి దాదాపు 24 మీటర్లు కావాలి. అంటే మొదటి బండి పూర్తిగా ఆగిపోయే చోట రెండో బండికి బ్రేకు పడి మీటరు దూరం కూడా అయి ఉండదు. వేగం ఒకటిన్నర రెట్లయితే ఢీకొనే శక్తి రెండుంబావు రెట్లవుతుంది కనుక, తగిలే దెబ్బలో తేడా ఎంతో ఊహించుకోవచ్చు. దేశం మొత్తం మీద 2022లో రోడ్డు ప్రమాదాల్లో మరణించిన 1,68,491 మందిలో 32,825 మంది పాదచారులేనని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెబుతోంది. ప్రమాదాలంటే హైవేల మీద జరిగేవేనన్న భ్రమలో ఉండేవారు ఈ రెండో అంకె దగ్గర ఒకసారి ఆగడం మంచిది.

సరుకు కొన్నది చెన్నైలోనే ప్యారిస్ (ప్యారీస్ కార్నర్) వైపు, భద్రతా సామగ్రి అమ్మే వీధుల్లోని ఒక దుకాణంలో. హెల్మెట్లు, కోన్లు, మంటలార్పే సిలిండర్లు పెట్టుకునే ఇలాంటి దుకాణాలు అక్కడ వరుసగా ఉంటాయి. పేరు రాయడం లేదు. మంచిగా మాట్లాడారు, మాకు తెలుగే వచ్చని తెలిసి తెలుగులోనే బేరం సాగించారు, చెప్పిన రోజుకు సరుకు పంపారు. అయితే పలకలు ఏ నేల మీద బిగిస్తారని మమ్మల్ని ఒక్కసారి కూడా అడగలేదు. ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే మా సంఘానికి కొంత డబ్బు మిగిలేది. పలక ఒక్కటి వెయ్యి రూపాయల లోపే వస్తుంది. చివరల్లో పెట్టే గుండ్రటి ఎండ్ క్యాపులకు, బోల్టులకు విడిగా లెక్క కడతారు.

ఒకే కొలతల్లో చూడడానికి ఒకేలా ఉండే మూడు రకాల సరుకు ఆ దుకాణాల్లో ఉంటుందని కొనబోయేవారు గుర్తుపెట్టుకోవాలి. అచ్చులో వేసిన గట్టి రబ్బరు ఒకటి, పాత టైర్ల పొడిని జిగురుతో అదిమిన రకం మరొకటి, రబ్బరు రంగు వేసిన ప్లాస్టిక్కు మూడోది. రెండో రకం అంచును గోటితో గీరితే నల్లటి రవ్వ రాలుతుంది. మూడోది చేతికి తేలికగా తగులుతుంది, ఎండకు పెళుసెక్కి బోల్టు రంధ్రం దగ్గర పగులుతుంది. తూకం వేయించి, బరువైనదే తీసుకోవాలి. పసుపు భాగం పలకతో పాటే అచ్చు పోసినదా లేక పైన అంటించిన టేపా అన్నది కూడా చూసుకోవాలి. మేము తీసుకున్నది మొదటి రకం. దాని పసుపు కొంత మాసింది గానీ ఊడలేదు. వస్తువు నాణ్యత విషయంలో ఫిర్యాదు చేయడానికి నా దగ్గర ఏమీ లేదు. ఇకపై రాసే లోపాలన్నీ దాని ఆకృతికీ, వాడే చోటికీ సంబంధించినవి.

బిగింపు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. మా కాంపౌండులో గేటు ముందర కాంక్రీటు, లోపలి దారంతా పేవర్ బ్లాకులు, బయటి వీధి తారు. దుకాణం ఇచ్చిన ఎక్స్‌పాన్షన్ యాంకర్ బోల్టులు కాంక్రీటు కోసం తయారైనవి. డ్రిల్లు చేసిన రంధ్రంలో తొడుగు విచ్చుకుని చుట్టూ ఉన్న గట్టి పదార్థాన్ని పట్టుకోవడమే వాటి పని తీరు. గేటు ముందు వేసిన వరుస అందుకే ఈనాటికీ కదలలేదు. పేవర్ బ్లాకుల మీద ఆ తొడుగు విచ్చుకుంటే బ్లాకు చీలుతుంది. చీలకపోయినా, కింద ఇసుక పరుపు మీద కూర్చున్న ఒక్కో బ్లాకు విడివిడిగా ఉంటుంది కనుక, బరువైన బండి బ్రేకు వేసినప్పుడు పలకతో పాటు బ్లాకే లేచి వస్తుంది. నిండు నీళ్ళతో వచ్చిన ట్యాంకరు పలకల వరుస మీద ముందు చక్రాలు ఉంచి కొద్దిగా మలుపు తిప్పిందంటే చాలు, అక్కడి బోల్టులన్నీ సడలిపోతాయి. అలా సడలిన బోల్టు ఒకటి పైకి తేలి స్కూటర్ టైరును చీల్చింది. ఆ టైరు ఖరీదు సంఘం ఇచ్చుకోవలసి వచ్చింది. చివరకు బ్లాకులు తీయించి, ఆ మేరకు అడ్డంగా కాంక్రీటు పట్టీ పోయించి, దాని మీద పలకలు తిరిగి బిగించాము. ఆ పట్టీకైన ఖర్చు పలకల ఖర్చును మించింది. తారు మీద బిగించాలనుకునేవారికి ఈ యాంకర్లు అసలే వద్దు. ఏప్రిల్, మే నెలల్లో తారు మెత్తబడినప్పుడు అవి నిలవవు. పొడవైన స్పైకులు, వాటి చుట్టూ పోసే రసాయనిక జిగురు కావాలి.

ఇంత శ్రమ పడ్డాక వేగం తగ్గిందా అన్నది అసలు ప్రశ్న. దానికి ఖరీదైన రాడార్ గన్ను అక్కరలేదు. దారి అంచున 25 మీటర్ల దూరంలో రెండు సున్నపు గీతలు గీసి, ఫోనులోని స్టాప్‌వాచీతో చూస్తే సరిపోతుంది. ఆ దూరాన్ని 3 సెకన్లలో దాటిన బండి సరిగ్గా 30 వేగంతో వెళ్ళినట్లు, 2 సెకన్లలో దాటినది 45తో వెళ్ళినట్లు. పదవీ విరమణ చేసిన మా పొరుగింటి మాస్టారు గారు బాల్కనీలో కుర్చీ వేసుకుని ఈ పనిని ఎంతో ఇష్టంగా చేశారు. పలకల వరుసకు దగ్గరగా గీతలు గీసినప్పుడు ఫలితాలు ముచ్చటగా వచ్చాయి. కార్లు దాదాపుగా ఆగి, ఒక్కో చక్రం దించుకుంటూ వెళ్ళాయి. అవే గీతలను రెండు వరుసలకు నడుమ గీసి చూస్తే ఆ ముచ్చట తీరిపోయింది. వరుస దాటగానే పోగొట్టుకున్న సమయాన్ని రాబట్టుకోవాలన్నట్లు బండ్లు ఊపందుకున్నాయి. స్కూటర్లలో చాలా వాటికి పలకలు వేయక ముందరి వేగానికీ తరువాతి వేగానికీ ఆ చోట తేడా కనిపించలేదు. బ్రేకు, ఆ వెంటనే యాక్సిలరేటరు: ఈ చప్పుడు మొదటి అంతస్తు వారికి కొత్తగా వచ్చి పడింది.

దీనికి కారణం పలక వెడల్పులో ఉంది. మన దేశంలో స్పీడ్ బ్రేకర్లకు రోడ్ల ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ సంస్థ 1988లో ఇచ్చిన 99వ నంబరు మార్గదర్శకం బండి సాగే దిశలో 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్ధపు వంపు గల గుండ్రని దిమ్మెను సూచించింది. దాన్ని 25 కిలోమీటర్ల వేగంతో హాయిగా దాటవచ్చునన్నది లెక్క. 1970ల మొదట్లో బ్రిటన్ రోడ్డు పరిశోధనశాలలో ప్రయోగాలు చేసి తేల్చిన ఆకృతి కూడా ఇంచుమించు ఇదే కొలతలది. కారు ముందు, వెనుక చక్రాల మధ్య దూరం సుమారు రెండున్నర మీటర్లు, స్కూటరుకైతే మీటరుంబావు. 3.7 మీటర్ల దిమ్మె మీద బండి మొత్తం ఎక్కి దిగవలసి వస్తుంది కనుక, వేగం పెరిగిన కొద్దీ లోపలి మనిషికి అసౌకర్యం పెరుగుతుంది. చోదకుడు తనంతట తానే, బ్రేకు మీద పడకుండా, 25 దగ్గర స్థిరపడతాడు. మా పలక వెడల్పు 35 సెంటీమీటర్లు. అది చక్రాన్ని మాత్రమే కొడుతుంది. మంచి సస్పెన్షను గల బరువైన కారు దాని మీద వేగంగా వెళితే ఆ దెబ్బను టైరూ స్ప్రింగూ మింగేస్తాయి, సీటులో కూర్చున్నవారికి పెద్దగా తెలియదు. అదే పలకను నెమ్మదిగా, జాగ్రత్తగా దాటే చిన్న చక్రాల స్కూటరు మీది మనిషికి మాత్రం నడుము దాకా తెలుస్తుంది. నియమం పాటించేవాడిని శిక్షించి, పాటించనివాడిని వదిలేసే వస్తువును భద్రతా సామగ్రి అనడానికి నాకు మనసొప్పడం లేదు.

ఈ మాట ఊరికే అనడం లేదు. లోపలి వరుసల గురించి సంఘానికి వచ్చిన ఫిర్యాదులు ఎవరి నుంచి వచ్చాయో చూస్తే తెలుస్తుంది. నెలలు నిండుతున్న ఒక అమ్మాయి ఆటోలో రావడం మానుకుని గేటు దగ్గరే దిగి నడిచింది. వెన్నుకు ఆపరేషను చేయించుకున్న ఒక పెద్దాయన తన కొడుకుతో, 'నాయనా, ఆ వెనుక గేటు నుంచి తీసుకురా, నీకు పుణ్యముంటుంది' అని బతిమాలుకునేవారట. చక్రాల కుర్చీని ఆ వరుస మీదుగా తోయడం ఎవరికీ సాధ్యం కాలేదు. వేగంగా వెళ్ళే డెలివరీ కుర్రవాళ్ళ నుంచి మాత్రం ఒక్క ఫిర్యాదూ రాలేదు. వారిని తిట్టిపోయడం నా ఉద్దేశం కాదు. నిమిషాల లెక్కన బతుకుతున్నవారు వారు. ఖాళీ దారి కనిపిస్తే వేగంగా వెళతారు, ఎవరైనా వెళతారు. కనుక దారి కనిపించే తీరునే మార్చాలి.

బయటి వీధిలో ఈ పోలిక కళ్ళకు కట్టింది. అది ప్రజా రహదారి. అక్కడ ఎవరికి వారు స్పీడ్ బ్రేకరు వేసుకోవడానికి చట్టం ఒప్పుకోదు, సంఘాల వారు ఉత్సాహం కొద్దీ ఆ పని చేసి తరువాత చిక్కుల్లో పడకూడదు. నగరపాలక సంస్థ ఫిర్యాదుల నంబరు 1913కు గానీ, వార్డు కార్యాలయానికి గానీ విన్నపం పెట్టి, ట్రాఫిక్ పోలీసుల సమ్మతితో వేయించుకోవాలి. మా వీధివారంతా సంతకాలు చేసి అడిగాక, కొంత కాలానికి తారుతో వెడల్పాటి దిమ్మె వచ్చింది. దానికి తెల్ల పట్టీలు, ముందుగా హెచ్చరించే బోర్డు కూడా వచ్చాయి. 1988 నాటి మార్గదర్శకం ప్రకారం ఆ బోర్డు 40 మీటర్ల ముందుండాలి. కొలతలు పుస్తకంలో ఉన్నట్లే అచ్చంగా లేకపోవచ్చు గానీ, దాని మీద బండ్లు ఆగవు, ఎగరవు, ఒకే తీరుగా నెమ్మదించి పోతాయి. అది ఒక్కటే కావడం మాత్రం లోటు. వరుసగా వేసేటప్పుడు దిమ్మెకూ దిమ్మెకూ నడుమ 100 నుంచి 120 మీటర్లుండాలని అదే మార్గదర్శకం చెప్పింది. ఒంటి దిమ్మె దాటాక మళ్ళీ వేగం పుంజుకోవడం అక్కడ కూడా ఉంది. 2018లో ఈ మార్గదర్శకాన్ని సవరించినప్పుడు, స్పీడ్ బ్రేకర్లకే పరిమితం చేయకుండా, ట్రాఫిక్కును నెమ్మదింపజేసే ఇతర పద్ధతులన్నిటికీ దాన్ని విస్తరించారు. మేము కొనడానికి ముందు చదవవలసిన పాఠం అదే.

వాన సంగతి చెన్నైవారికి ప్రత్యేకం. దారికి అడ్డంగా ఈ చివర నుంచి ఆ చివర వరకు పలకలు బిగిస్తే అది చిన్న ఆనకట్ట అవుతుంది, అక్టోబరు వానకు నీరు ఒక పక్కన నిలుస్తుంది, ఆ నీటి కింద పలక కనిపించదు. కాబట్టి రెండు అంచుల్లోనూ ఒక అడుగు మేర ఖాళీ వదలాలి. అలా వదిలితే స్కూటర్లు ఆ సందులోంచే దూరిపోతాయి, అదీ మనుషులు నడిచే అంచు మీదుగా. దుకాణంలో ఇచ్చిన కరపత్రంలో ఈ చిక్కు ప్రస్తావనే లేదు. సందు మధ్యలో ఒక్కో స్ప్రింగ్ పోస్టు పెట్టాకే నీరు పోవడం, స్కూటరు ఆగడం రెండూ కుదిరాయి.

ఇక ఆ పోస్టుల విషయం. మోకాలికి పైకి వచ్చే ఎత్తులో, నారింజ రంగులో, రెండు మెరిసే పట్టీలతో ఉండే ఈ గొట్టాలను బండి తగిలితే వంగి మళ్ళీ నిలబడేలా తయారు చేస్తారు. మేము మొదట వీటిని అలంకారంగానే కొన్నాము. మలుపు దగ్గర వీటి విలువ తెలిసింది. మా రెండో బ్లాకు మలుపులో దారి మూల మరీ విశాలంగా, గుండ్రంగా ఉంది. మలుపు ఎంత విశాలంగా ఉంటే అంత వేగంగా తిరగవచ్చు కనుక, స్కూటర్లు వేగం తగ్గించకుండా లోపలి మూలను ఒరుసుకుంటూ తిరిగేవి. పిల్లవాడికి దెబ్బ తగిలింది సరిగ్గా అక్కడే. మూలను ఇరుకు చేయాలంటే ట్యాంకరు తిరగడానికి ఎంత చోటు కావాలో ముందు తెలియాలి. అందుకు మా వీధి ఆడవారు చెప్పిన ఉపాయం ఎంతో చక్కనిది. మలుపంతా ముగ్గుపిండి చల్లి ఒక పూట వదిలేశాము. ట్యాంకర్లు, వ్యాన్లు, కార్లు తిరిగాక, చక్రాలు ఎక్కడెక్కడ తొక్కాయో, ఎక్కడ అసలే తొక్కలేదో తెల్లగా అచ్చు పడింది. ఏ బండికీ అక్కరలేని చోటు మూలలో పెద్ద త్రికోణంలా మిగిలింది. ఆ త్రికోణం అంచు వెంబడి పోస్టులు నిలబెట్టి, లోపల పూలకుండీలు పెట్టాము. ట్యాంకరు ఇప్పటికీ తిరుగుతుంది, కాకపోతే నిదానంగా తిరుగుతుంది. స్కూటరు మూలను ఒరుసుకోలేదు, ఎదుటి బండి కనిపించేలా వెడల్పుగా తిరగవలసి వస్తుంది, అందువల్ల తప్పనిసరిగా నెమ్మదిస్తుంది. మాస్టారు గారి స్టాప్‌వాచీలో 3 సెకన్లకు తక్కువ పడిన బండి మలుపు దగ్గర అరుదైపోయింది. ఎవరి నడుమూ నొప్పి పుట్టలేదు.

ఆ తరువాత తిన్నటి దారిలోనూ ఇదే సూత్రాన్ని వాడాము. రెండు పక్కలా తెల్ల గీత గీసి, ఒకచోట ఎడమ వైపు, మరికొంత దూరాన కుడి వైపు పోస్టులతో దారిని కొద్దిగా లోపలికి నెట్టాము. తిన్నగా దూసుకుపోయే దారి కాస్త వంకర పోయింది. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ నగరంలో 1960ల చివర నివాస వీధులను ఇలాగే చెట్లతో, కుండీలతో, వంకరలతో మార్చారు. అక్కడి ప్రభుత్వం 1976లో ఆ పద్ధతికి చట్టబద్ధత కూడా కల్పించింది. మాది ఆ స్థాయి పని కాదు. అయినా ఖాళీగా, నిటారుగా కనిపించే దారే వేగాన్ని పిలుస్తుందన్న మాట మా కాంపౌండులో కూడా నిజమైంది. పోస్టులకూ లోపాలున్నాయి. పదేపదే తొక్కితే మొదట్లో నిలబడినట్లు నిలబడవు, రివర్సులో వచ్చే కార్లు కొన్నిటిని శాశ్వతంగా వంచేశాయి. అడుగు పళ్ళేనికి మూడు బోల్టులుండే రకాన్నే కొనాలి, ఒకే బోల్టు రకం గాలికి కూడా తిరుగుతుంది. మామూలు ప్లాస్టిక్కు పోస్టుల కన్నా, రబ్బరులా వంగే పాలీయూరిథేన్ పోస్టులు కొంత ఎక్కువ ధర పలుకుతాయి గానీ ఎండకు అంత త్వరగా పగలవు. మరొక జాగ్రత్త: అంబులెన్సు, అగ్నిమాపక వాహనం వెళ్ళవలసిన వెడల్పును ముందుగా కొలిచి వదిలి, ఆ మీదనే ఇరుకు చేయాలి.

కుంభాకార అద్దం బేస్‌మెంటు ర్యాంపు పైన బాగానే ఉపయోగపడుతోంది. దుమ్ము తుడిచే బాధ్యత ఒకరికి అప్పగించకపోతే నెలకే గుడ్డిదవుతుంది. సోలార్ స్టడ్లు దీపావళి నాటికి వెలగడం మానేశాయి. డబ్బు దండగ.

ప్రస్తుతం మా దగ్గర ఉన్న ఏర్పాటు ఇది. గేటు ముందరి రబ్బరు వరుస అక్కడే ఉంది, ఎందుకంటే అక్కడ వాచ్‌మన్ దగ్గర బండి ఎలాగూ ఆగాలి. లోపలి దారిలోని వరుసల్లో ఒకదాన్ని తీయించి బేస్‌మెంటు ర్యాంపు మొదట్లో బిగించాము. పైకి వచ్చే కారు నడిచే మనుషులను చూడకుండా దూసుకురాకుండా అది ఆపుతోంది. మిగిలిన వరుసను, దాని కింది కాంక్రీటు పట్టీని కూడా వాడుకుంటూ, స్కూలు వ్యాను ఆగే చోట వెడల్పాటి ఎత్తు దారిగా మార్చాలని సంఘం నిర్ణయించింది. పైభాగం బల్లపరుపుగా, రెండు వైపులా ఏటవాలుగా, చక్రాల కుర్చీ కూడా దాటేలా ఉండే ఆ నిర్మాణానికి మేస్త్రీ ఇచ్చిన అంచనా మేము మొదట పలకల మీద, వాటి మరమ్మతుల మీద పెట్టిన మొత్తం కన్నా ఏమంత ఎక్కువ లేదు. తీసేసిన పలకలను వెనక్కి తీసుకుంటారా అని ప్యారిస్ దుకాణంలో అడిగితే, వాడిన సరుకు వెనక్కి తీసుకోబోమని చెప్పి, మరికొన్ని స్ప్రింగ్ పోస్టులకు మాత్రం ధర తగ్గించి ఇచ్చారు.